పందిపిల్లలకు చెంబెడు తరవాణి

మా ప్రేమమణి వదిన చర్చిలో ఎప్పుడూ తలుపు పక్కన చివరి బల్ల మీదే కూర్చుంటుంది. ముందుకు రమ్మని పాస్టరమ్మ పిలిచినా రాదు. తలంటు పోసుకుని, పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని, మెడకు పౌడరు రాసుకుని వచ్చినా సరే, తన ఒంటి మీద పందుల కొట్టం వాసన ఎక్కడో మిగిలే ఉంటుందని ఆమె అనుమానం. నేను ఆమెకు ఆడపడుచును. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను, పెళ్ళి చేసుకోలేదు, ముక్కు మీదే కోపం. ఆ ముక్కు కూడా మహా సున్నితం. అలాంటి నేనే చెబుతున్నాను, వదిన దగ్గర ఏ వాసనా రాదు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి మానేశాను.

సికింద్రాబాద్ శివారు యాప్రాల్‌లో మా ఇంటి వెనకే కొట్టం. రేకుల కప్పు, సిమెంటు గచ్చు, నడుమెత్తు గోడలతో మూడు అరలు. మా అన్నయ్య దేవానందం దాన్ని కట్టించిన రోజుల్లో చుట్టూ బండలు, సీతాఫలం పొదలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. పొద్దున్నే మిలటరీ వాళ్ళ బ్యూగిల్ వినబడితే మాతోపాటు పందులూ లేచేవి. ఇప్పుడు ఎటు చూసినా అపార్టుమెంట్లే. బాల్కనీల్లోంచి జనం మా కొట్టంలోకి తొంగి చూసి, ఒక చేత్తో ముక్కు మూసుకుని ఇంకో చేత్తో ఫోటోలు తీసుకుంటారు. అంత కంపు కొడుతుంటే ఫోటో ఎందుకో నాకు అర్థం కాదు.

అన్నయ్య పోయాక వదినే కొట్టాన్ని నెట్టుకొస్తోంది. కొడుకు ఆషర్‌కు బేగంపేటలో ఆఫీసు ఉద్యోగం. తల్లి మోకాళ్ళు పట్టుకుపోతున్నాయని వాడి బాధ, చుట్టుపక్కల వాళ్ళ సణుగుడు వినలేక ఇంకో బాధ. ఈ వేసవి మొదట్లో తల్లితో ఒక ఒప్పందానికి వచ్చాడు. ఇప్పుడు ఈనిన పిల్లలు పాలు మాని, తిండికి అలవాటు పడి, బాగా ఎదిగితే కొట్టం ఉంటుంది. లేదంటే తల్లిపందిని అమ్మేసి, కొట్టం పడగొట్టి కారుకు షెడ్డు వేసుకుంటారు. వదిన సరే అంది. నేను ఒంటికాలి మీద లేచాను, కానీ నా మాట ఎవరు వింటారు? మా వదిన ఒకసారి సరే అందంటే ఇక వెనక్కి తీసుకోదు. అన్నయ్య చేతి కింద నిలబడి ఇటుకలు అందించిన మనిషి, ఆ గోడలు పడగొడతామంటే నోరెత్తకుండా ఊరుకుంది.

పాలు మాన్పించే వారం పందిపిల్లకు గండం. అంతవరకూ తల్లి పొట్టను అంటుకుని బతుకుతుంది. ఆకలేస్తే పాలు, నిద్రొస్తే వెచ్చదనం. ఒక పొద్దున తల్లిని ఇంకో అరలోకి తోలేసి, దాని ముందు తొట్టిలో పిండి పోస్తారు. అది తిండని దానికేం తెలుసు? అలిగి మూలకు చేరుతుంది. తినకపోతే కడుపు చెడుతుంది, ఆకలి పట్టలేక ఒక్కసారిగా మింగితే పారుకుంటుంది. ఆ వారంలో చిక్కిపోయిన పిల్ల తర్వాత ఎంత మేపినా తోటివాటిని అందుకోలేదు. అందుకే మేతలో రకరకాల పొడులు కలుపుతారు. ఒకప్పుడు మేత కొట్లలో గ్రోత్ పౌడరని యాంటీబయాటిక్ కలిపింది అడిగినవాడికల్లా ఇచ్చేవాళ్ళు. మా పశువుల డాక్టరు రాఘవేందర్ దాన్ని మా గడప తొక్కనివ్వలేదు. పందికి ఊరికే మందు మేపితే రేపు మనిషికి ఆ మందు పనిచేయకుండా పోతుందంటాడు. ఆయన ఇచ్చేది కడుపులో పులుపు నిలిపే పొడి, ఒంటికి మేలుచేసే క్రిముల పొడి. వదిన వాటిని మొక్కజొన్న పిండిలో, తవుడులో, సోయా చెక్కలో బుద్ధిగా కలుపుతుంది. కలిపి, పైన చెంబెడు తరవాణి పోస్తుంది.

తరవాణి ఎరగనివాళ్ళకు చెప్పాలి. బియ్యం కడిగిన నీళ్ళు, అన్నం వార్చిన గంజి ఒక మట్టికుండలో పోసి పులవనిస్తారు. రోజూ కొంత వంచుకుంటారు, వంచుకున్నంతా మళ్ళీ గంజి పోస్తారు. అడుగున పాతది ఉంటేనే పైన పోసింది కుదురుగా పులుస్తుంది, కాబట్టి ఆ కుండ ఎప్పుడూ ఖాళీ కాకూడదు. ఎండాకాలం చద్దన్నంలో తరవాణి పోసుకుని ఉల్లిపాయ నంజుకుంటే ఒళ్ళు చల్లబడుతుందని బాపట్ల వైపు అంటారు. నేనైతే ఆ వాసన తగిలితే చాలు, ముక్కు మూసుకుంటాను. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఆ కుండతో కాపురం చేశాను, ఒక్క గుటక వేసిన పాపాన పోలేదు.

ఆ కుండలోని తరవాణి మా ఇంటికి రైల్లో వచ్చింది.

వదిన పెళ్ళయి బాపట్ల పక్కనుంచి సికింద్రాబాద్ వచ్చేసరికి నేను పరికిణీలు కట్టుకునే పిల్లను. కొత్త పెళ్ళికూతురు అన్నం ముందు కూర్చుని మెతుకులు అటూ ఇటూ తోసేది. మా అమ్మ మాంసం వండింది, చేపలు తెప్పించింది, ఇరానీ హోటలు నుంచి బిస్కెట్లు కూడా తెచ్చిపెట్టింది. ఏదీ గొంతు దిగలేదు. నీళ్ళు మారాయన్నారు, దిష్టి అన్నారు. ప్రార్థన చేయించారు. చివరికి మా అమ్మే పక్కన కూర్చుని, మీ ఇంట్లో పొద్దున్నే ఏం తింటావే తల్లీ అని అడిగితే, వదిన ఏడుస్తూ తరవాణన్నం అంది. అమ్మ ఉత్తరం రాయించింది. వాళ్ళ నాన్న ఒక స్టీలు క్యాను నిండా తరవాణి పోసుకుని, మూతకు గుడ్డ బిగించి, రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని రైల్లో వచ్చాడు. రైలు పెట్టె నిండా వాసనేనట. టీసీ వచ్చి అదేంటని అడిగితే మా అమ్మాయి అన్నం అని చెప్పాడట ఆ పెద్దాయన. ఆ రోజు వదిన తిన్న తిండి నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. కొత్త కుండ కొన్నారు, ఆ క్యానులోది అందులో పోశారు.

వాళ్ళ నాన్న వెళ్ళేముందు ఒక పద్ధతి కూడా చెప్పి వెళ్ళాడు. తరవాణి అడిగినవాళ్ళకు లేదనకూడదు. అడిగేవాళ్ళు ఒట్టి చేతులతో రాకూడదు. చెంబెడు గంజి తెచ్చి కుండలో పోసి, చెంబెడు తరవాణి పట్టుకెళ్ళాలి. అప్పుడు ఎవరి కుండా ఎండదు.

పందులు తర్వాత వచ్చాయి. అన్నయ్య మిలటరీ మెస్సులో వంటవాడు. అక్కడ మిగిలిన అన్నమంతా పారబోయడం చూడలేక, ఒకనాడు చంకలో ఒక పందిపిల్లను పెట్టుకుని ఇంటికొచ్చాడు. అది అప్పుడే పాలు మానిన పిల్ల. ఏది పెట్టినా తినలేదు, మూలకు ముఖం పెట్టి కుయ్‌కుయ్‌మంది. అన్నయ్య తిట్టాడు, నేను చెవులు మూసుకున్నాను. వదిన తన కంచంలోని తరవాణన్నమే పట్టుకెళ్ళి దాని ముందు పెట్టి, పక్కనే గచ్చు మీద కూర్చుంది.

"నాకూ ఇలాగే అయిందిలేవే," అంది దానితో. "నెమ్మదిగా తిను."

చాలాసేపటికి అది మూతి ముంచింది. ఆ రోజునుంచి మా కొట్టంలో ఏ పంది కడుపుతో ఉన్నా దాని మేతలో తరవాణి పడాల్సిందే, ఏ పిల్ల పాలు మానినా తొట్టిలో తరవాణి పడాల్సిందే. ఎందుకు అని వదిన ఎప్పుడూ ఆలోచించలేదు. చలవ చేస్తుంది అనేది, అంతే. ఆమె పందిపిల్లల ఎదుగుదలను కాటాతో కాదు, కంటితోనే చూసేది. తోక చుట్ట తిరిగిందా, వెన్ను మీద నునుపు వచ్చిందా, తొట్టి దగ్గర ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయా. తోసుకుంటే చాలు, ఇక భయం లేదంటుంది. క్రిస్మస్ ముందు నేరేడ్‌మెట్ నుంచి, బొల్లారం నుంచి మనుషులు వచ్చి, ప్రేమమ్మ పందులని అడిగి కొనుక్కుపోయేవాళ్ళు. అమ్మిన రోజు వదిన అన్నం తినేది కాదు. ఇది చూసి అన్నయ్య ఆటపట్టించేవాడు.

ఇక విమలమ్మ. మా గోడకు ఆనుకునే ఆమె ఇల్లు. అక్కడ గేదెలుండేవి. ఇక్కడ పందులు, అక్కడ గేదెలు, మధ్యలో మనిషి దూరేంత సందు ఉన్న గోడ. మొదట్లో విమలమ్మ మావైపు చూసేది కాదు. కొడుకు కిషన్ కడుపులో ఉన్నప్పుడు ఏది తిన్నా వాంతులై, మంచానికి అంటుకుపోయింది. వదిన ఒక గిన్నెలో తరవాణన్నం కలిపి ఆ సందులోంచి తీసుకెళ్ళింది. ఏందమ్మా, ఖరాబైన గంజి పట్కొచ్చినవ్ అని విమలమ్మ మూతి తిప్పుకుందట. మా దిక్కు అంబలి తాగుతం గని గిది ఏడ చూడలే అందట. అంటూనే గిన్నె ఖాళీ చేసింది. కడుపులో నిలబడింది. మర్నాడు చెంబెడు గంజి పట్టుకుని సందులోంచి వచ్చింది. అలా రెండో కుండ మొదలైంది.

ఎన్ని ఎండాకాలాలు! మధ్యాహ్నం పని తెమిలాక ఇద్దరూ ఆ సందులో చెరోవైపు కూర్చునేవాళ్ళు. విమలమ్మ గేదె పాలు ఎగ్గొట్టిందని చెప్పేది, వదిన పంది పిల్ల మీద పడుకుందని చెప్పేది. కిషనూ ఆషరూ ఆ సందులోంచే అటూ ఇటూ దూకి పెరిగారు. నేను పుస్తకం పట్టుకుని కిటికీలో కూర్చుని, ఈ పేడ కబుర్లేంటని విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఆ కబుర్లు వినాలనిపిస్తుంది.

గేదెల్ని అమ్మేసి కిషన్ మేడ మీద మేడ కట్టాడు. అద్దెకొచ్చినవాళ్ళు పందుల కంపు భరించలేమన్నారు. కిషన్ మునిసిపల్ ఆఫీసుకెళ్ళి మా మీద ఫిర్యాదు ఇచ్చాడు. అందులో తల్లి పేరు కూడా ఉందని ఎవరో మోసుకొచ్చారు. వదిన సందు దగ్గరికి వెళ్ళి నిలబడింది. నోట్లో నాలుక లేని మనిషి ఆ రోజు ఒకే ఒక్క మాట అంది.

"నీ గేదెల వాసన నాకెప్పుడూ కంపనిపించలేదక్కా."

విమలమ్మ తల వంచుకుంది. అవుననలేదు, కాదనలేదు. మర్నాడు కిషన్ ఇటుకలు పెట్టి సందు మూయించాడు. ఫిర్యాదు మీద ఎవరో వచ్చి చూసి, కొట్టం శుభ్రంగానే ఉందని పోయారు. కానీ ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. చర్చిలో వదిన తలుపు పక్క బల్లకు మారింది కూడా ఆ తర్వాతే.

ఇప్పుడు ఈ వేసవి సంగతి. పందిపిల్లల్ని తల్లినుంచి వేరుచేసిన మరునాడే మా ఇంట్లో కూటం. చర్చివాళ్ళు సాయంత్రం ఇంటికొచ్చి ప్రార్థన చేసుకుని, టీ తాగి వెళతారు. కొత్త కోడలు ఫెయిత్‌కు ఈ ఇంట్లో అదే మొదటి కూటం, వాళ్ళ అమ్మానాన్నలూ నేరేడ్‌మెట్ నుంచి వస్తున్నారు. పిల్ల పొద్దున్నుంచి కొంగు దోపుకుని ఇల్లంతా కడిగింది. వంటింటి వెనక మూల గుడ్డ కట్టిన కుండ కనబడింది. మూత తీస్తే గుప్పుమంది. ఎప్పుడో మరిచిపోయి వదిలేసిన గంజి అనుకుంది పాపం. మోరీలో పారబోసి, సబ్బుతో పీచుతో లోపలా బయటా తోమి, వేడినీళ్ళు పోసి కడిగి, మేడ మీద ఎండలో బోర్లించింది. కూటం ముగిశాక, అత్తగారు మెచ్చుకుంటుందనుకుని, ఆ సంగతి తానే నవ్వుతూ చెప్పింది.

నోరు తెరిచానంటే ఆ రోజు పుట్టి మునిగేదే. వదిన నా చెయ్యి నొక్కింది. మేడ మీదికి వెళ్ళి ఆ కుండ తెచ్చుకుని, మూతి దగ్గర ముఖం పెట్టి వాసన చూసింది. సబ్బు వాసన. ఫెయిత్‌తో కుండ తళతళలాడుతోంది తల్లీ అని మాత్రం అంది. ఆ పిల్లకు అసలు సంగతి నేను మర్నాడు చెప్పాను. మెల్లగానే చెప్పానని అనుకుంటున్నాను. అది ఏడ్చిన ఏడుపు చూశాక మెల్లగా చెప్పలేదేమో అనిపించింది.

పిల్లలు తొట్టి ముట్టలేదు. డాక్టరు పొడులన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి, పిండి తాజాది. మూతి దగ్గరికి తెచ్చి, వాసన చూసి, వెనక్కి పోయేవి. పక్క అరలో తల్లిని చూసి గోడకు కాళ్ళు పెట్టి ఒకటే అరుపు. తల్లి దగ్గరికి వదులుదామంటే దానికి పొదుగు వాచి జ్వరం, ముట్టనివ్వడం లేదు. వదిన కొత్త గంజి పోసింది, కానీ అది ఇంకా పచ్చివాసనే. పెరుగు కలిపింది, బెల్లం కలిపింది. చేత్తో మూతికి రాసింది. నాలుకతో తోసేశాయి. వెన్నుపూసలు తేలాయి, తోకలు వేలాడాయి. అన్నిటికంటే చిన్నది, చెవి మీద నల్లమచ్చ ఉన్నది, మూలలో అలాగే ముడుచుకుని పోయింది. వదిన దాన్ని పాత తువ్వాల్లో చుట్టి తనే గుంట తీసి పాతిపెట్టింది. ఆషర్ ఆఫీసు నుంచి వచ్చి చూసి, తలుపు దగ్గర నిలబడ్డాడు. కొట్టం పడగొట్టే మాట వాడు ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదని మా ముగ్గురికీ తెలుసు.

డాక్టరు రాఘవేందర్ వచ్చాడు. పిల్లల కడుపులు నొక్కి, తొట్టిలో పిండి వేళ్ళతో నలిపి, పొడిలో లోపం లేదన్నాడు. లోపలికి వెళితే అది పనిచేస్తుందమ్మా, వెళ్ళడంలేదు, అదీ కష్టం అన్నాడు. ఈసారి ఏం మారిందని అడిగాడు. వదిన కుండ సంగతి చెప్పింది. ఆయన నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"కడుపుతో ఉన్నప్పటి సంది తల్లి తిన్నది అదే కదమ్మా," అన్నాడు. "ఆ వాసన కడుపుల ఉన్నప్పుడే పిల్లలకు ఎరికైతది. పాలల్ల సుత వస్తది. గా వాసన ఉంటెనే ఇది మా అమ్మ తినేది అని మూతి పెడ్తయి. కంపెనీలోళ్ళు గందుకే మేతల వాసన పొడులు కలుపుతరు. మీకు ఆ పాత తరవాణి ఏడన్న దొరుకుతదా చూడండి."

వదిన నావైపు చూసింది. నాకు ఆ స్టీలు క్యాను, దాన్ని ఒళ్ళో పెట్టుకుని వచ్చిన పెద్దాయన గుర్తొచ్చారు. దొరికే చోటు లోకంలో ఒకటే ఉంది. అది గోడకు అవతల ఉంది. అదైనా ఇంకా ఉంటేనే. ఇన్నేళ్ళ తర్వాత ఆ మేడల ఇంట్లో కుండ ఎందుకుంటుంది?

నేను వెళ్ళి అడుగుతానన్నాను. మనసులో విమలమ్మకు చెప్పాల్సినవి నాలుగు సిద్ధంగా ఉన్నాయి, అవి కూడా చెప్పి వస్తాననుకున్నాను. వదిన ఒప్పుకోలేదు. పిల్లలు తనవి, అడిగే నోరూ తనదే అంది. వంటింట్లోకి వెళ్ళి అన్నం వార్చింది. ఆ గంజి చల్లార్చి ఒక చెంబులో పోసుకుంది. రెండో చేతిలో ఖాళీ చెంబు. ఆ మోకాళ్ళతో, ఆ ఎండలో బయల్దేరింది. కొట్టం చీర కూడా మార్చుకోలేదు. నా జన్మలో ఆమె అలా గడప దాటడం చూడలేదు.

సందు ఉన్నప్పుడు అడుగు తీసి అడుగు వేస్తే విమలమ్మ ఇల్లు. ఇప్పుడు వీధి చివరిదాకా వెళ్ళి, అపార్టుమెంటు గేటు దాటి, వాచ్‌మన్ ఎక్కడికని అడిగితే చెప్పి, చుట్టూ తిరిగి రావాలి. గొడుగు పట్టుకుని నేను వెనకాలే నడిచాను. గంజి తొణక్కుండా వదిన మెల్లగా నడుస్తోంది. ఆ కుండ లేకపోతే ఈ మనిషి ఈ గంజిని తిరిగి మోసుకుంటూ ఎలా వస్తుందో అని నాకు ఏడుపొచ్చింది.

తలుపు విమలమ్మే తీసింది. బాగా చిక్కిపోయింది. వదినే ముందుగా అంది.

"అక్కా, చెంబెడు తరవాణి కావాలి." ఖాళీ చెంబు ముందుకు చాపి, "నాకు కాదు. పందిపిల్లలకి," అంది.

ఆ మాట దాచుకోవచ్చు కదా! తనకని చెబితే ఏం పోయింది? నేను పళ్ళు కొరుక్కున్నాను.

"నాకు ఎరికే," అంది విమలమ్మ. "మొన్నటి సంది ఏడుస్తనే ఉన్నయి కద. గోడ అవుతలికెల్లి వినొస్తుంది. నువ్వు వస్తవేమో అని చూస్తున్న."

లోపలికి నడిచింది. వంటింటి వెనక చిన్న వసారా. అక్కడికి వెళ్ళకముందే నా ముక్కుకు తగిలింది. పుల్లగా, ఘాటుగా, మా ఇంటి మూల వాసన. జీవితమంతా ముక్కు మూసుకున్న నేను, ఊపిరి గట్టిగా లోపలికి పీల్చుకున్నాను. గుడ్డ కట్టిన కుండ, పక్కనే బోర్లించిన గరిటె.

ఇంకా రోజూ తాగుతున్నావా అని అడిగాను, ఊరికే ఉండలేక. తనకు షుగరని, డాక్టరు అన్నమే బంద్ చేయమన్నాడని, కిషన్‌కూ వాడి పెళ్ళాం పిల్లలకూ ఈ వాసనే పడదని చెప్పింది. మరి ఇన్నేళ్ళు రోజూ గంజి పోసి ఎందుకు పెంచావన్నాను. ఆమె నన్ను చూసిన చూపు చూడాలి, తెలివితక్కువ పిల్లను చూసినట్టు.

"ఎందుకేంది? ఆమె ఎప్పుడన్న వచ్చి అడిగితే, లేదని చెప్పాల్నా?"

గరిటె తీసుకుందామని వంగినప్పుడు విమలమ్మ కళ్ళు వదిన చేతిలోని గంజి చెంబు మీద పడ్డాయి.

"ఉన్నదో లేదో తెల్వకుంటనే గంజి సుత పట్కొచ్చినవా?"

"ఉంటుందని తెలుసక్కా," అంది వదిన.

విమలమ్మ అక్కడే పీట మీద కూలబడి ఏడ్చింది. ఫిర్యాదులో తన పేరు కొడుకే రాశాడని, తనకు తర్వాత తెలిసిందని, తెలిసి కూడా కొడుకును కాదని వచ్చి చెప్పే ధైర్యం లేకపోయిందని చెప్పుకుంది. వదిన ఆమె తల నిమిరింది. నేను అనాలనుకున్న నాలుగు మాటలూ ఎటు పోయాయో తెలియదు. గంజి కుండలో పోశాం. తరవాణి చెంబు నింపుకున్నాం.

తొట్టిలో పిండి, డాక్టరు పొడి, మీద తరవాణి. ఫెయిత్ తన చేత్తో కలిపింది. కళ్ళు ఇంకా ఉబ్బే ఉన్నాయి, అయినా ముక్కు మాత్రం మూసుకోలేదు. పిల్లలు మొదట కదల్లేదు. తర్వాత ఒక ఆడ పందిపిల్ల మూతి ఎత్తి గాలి పీల్చింది. లేచి, తూలుతూ వచ్చి, మూతి ముంచింది. దాని వెనక ఇంకోటి. ఇంకోటి. కాసేపటికి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. వదిన గచ్చు మీద కూర్చుని, తొట్టి అంచు పట్టుకుని, ప్రభువా ప్రభువా అంటూ ఉండిపోయింది. ఆషర్ ఆఫీసు బట్టలతోనే లోపలికి వచ్చి తల్లి పక్కన గొంతుకూర్చున్నాడు. అయిపోవచ్చిన పిండి బస్తాను చూసి, రేపు ఇంకో బస్తా తెస్తానమ్మా అన్నాడు. కొట్టం గురించి వాడు చెప్పాల్సింది అదే.

అరుపులు ఆగిపోయాయి. కొట్టంలో చప్పరించే చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు గోడ అవతల నుంచి, ఒకప్పుడు సందు ఉన్నచోటి నుంచి, విమలమ్మ గొంతు వినబడింది.

"ప్రేమా, తిన్నయా?"

వదిన పమిటతో ముఖం తుడుచుకుని, గోడ దగ్గరికి వెళ్ళి ఇటుకల మీద చెయ్యి వేసింది.

"తిన్నాయక్కా. నువ్వు తిన్నావా?"



"తిన్న చెల్లె. ఇయ్యాల జెరంత అన్నం పెట్టుకుని తరవాణి పోసుకున్న."

షుగర్ మనిషివి, డాక్టరు వద్దన్నాడుగా అని నేను గోడ మీదుగా అరవబోయాను. వదిన నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.